శనివారం మూతెడు నూనె

సూరత్, పర్వత్ పాటియా. మెకానిక్ శ్యాంసుందర్ షెడ్డు. సాంచలు, అంటే మరమగ్గాలు, నడిచే కార్ఖానాలో మాస్టరుగా పనిచేసే నర్సింగం కారు బానెట్ తెరిచి ఉంది.

“ఆయిల్ ఎప్పుడు మార్పించినవన్నా?”

“మార్చుడేంది తమ్మీ? పోస్తున్న గద.”

“పోసుడు కాదు. పాతది దించి కొత్తది పోసింది ఎప్పుడు?”

“దించుడెందుకు? ఇరవై ఆరేండ్ల సంది సాంచల మాస్టర్ను. ఏ సాంచలకెల్లన్న నూనె దించంగ చూసినవా? సాంచ తాగుతది, మనం పోస్తం. శనివారం శనివారం మూతెడు. బండికి సుత గంతే.”

“ప్రతి శనివారమా!”

“కొని ఏడాదిన్నర. ఒక్క శనివారం తప్పలే. పెండ్లిరోజన్న మర్సిన గని...”

“అన్నా, ఆయిల్ గీ గీత దాక ఉండాలె. నీది గీత దాటి గింత మీదికి వచ్చింది. ఇది సాంచ కాదు, తాగదు. గిట్లనే నడిపితె సీళ్ళు పోతయ్.”

“అంటే... ఇంజిన్ పోయినట్టేనా?”

“గంత ఖుషీగ అడుగుతున్నవేంది?”

“ఖుషీ ఎక్కడిది! అడుగుతున్న. ఇంజిన్ విప్పాల్నా? నాలుగు రోజులు పడ్తదా?”

“ఒక్క గంటల అయిపోతది. పదివేల కిలోమీటర్లు, లేకుంటె ఏడాది, ఏది ముందొస్తె అప్పుడు మార్చాలె. నీకు ఏడాది ఎప్పుడో దాటింది.”

“గంటనా? జర నిమ్మలంగ చెయ్యి. ఎల్లుండి ఇయ్యి.”

“రేపు నీ బిడ్డ ప్రసన్న దవాఖాన్లకెల్లి ఇంటికొస్తున్నది గద? మనవరాలిని నా బండ్లనే తెస్తనని వాడకట్టంత నువ్వే చెప్పినవ్.”

“చెప్పిన. నోరున్నది గద, చెప్పిన. మిఠాయి సుత పంచిన.”

“మరి?”

“జర మీ వదినకు ఫోన్ చేసి ఇంజిన్ విప్పినమని చెప్పు.”

“అబద్ధమా? ఎందుకు?”

“ఎందుకంటే... ఆయిల్ పాతది.”

“మారుస్తున్న గదా!”

“మార్చకు.”

“అన్నా, ఇద్దరు పనోళ్ళతోని తోపిచ్చుకొచ్చినవ్. నేను తాళం తిప్పితె చిటికెల స్టార్టయింది. ఏంది సంగతి?”

“నవ్వొద్దు.”

“నవ్వ.”

“నాకు భయం. కొన్న వారానికి రింగ్ రోడ్ ఎక్కిన. ముందట చీరల మూటల టెంపో, వెనుక బస్సు, నడిమిట్ల నా బండి బందయింది. ఒకటే హారన్లు. దిగి ఆటో ఎక్కి ఇంటికొచ్చిన.”

“బండి?”

“రోడ్డు మీదనే. మా కార్ఖానల పనిచేసే గోపాల్ పొయి తెచ్చిండు. అగో, నవ్వుతున్నవ్!”

“లే లే. దగ్గు.”

“పన్నెండు సాంచలు ఒక్కసారి నడిపిస్త తమ్మీ. ఒక్క స్టీరింగ్ పట్టుకుంటె ఏది క్లచ్చో, ఏది బ్రేకో మర్సిపోత. మీ వదిన పద్మ యాడికన్న పోదామంటె, ఆయిల్ పాతదైంది, నడపొద్దని నేనంట. మార్పియ్యమంటె, పదివేలు తిరగలే, అప్పుడే ఒద్దని నేనే అంట. పదివేల సంగతి బండి అమ్మినోడే చెప్పిండు, నీ ముందట ఎరుకలేనట్టు అడిగిన. ఏడాదిన్నర గీ రెండు మాటల మీదనే బతికిన.”

“గట్ల భయపడితె ఎట్ల? రేపు పొద్దుగాల రోడ్లు ఖాళీగనే ఉంటయ్.”

“రోడ్డు కాదు తమ్మీ, నేనంటెనే నాకు భయం. బండి మల్ల బందయితె, బిడ్డను, పాపను లోపట ఇడిసిపెట్టి ఉరుకుతనేమో.”

“గట్లెట్ల ఉరుకుతవన్నా...”

“ఉరికిన గద ఒకసారి.”

“...సరె, ఆయిల్ చీటీ అతికియ్యాలె. మీటర్ ఎంతున్నదో చూడనీ. నలభై రెండు వేల మూడొందలు.”

“తప్పు. నేను కొన్నప్పుడు నలభై వేలు. ఇంటికి తెచ్చుడు, రింగ్ రోడ్, గంతే. మీటర్ ఖరాబైంది.”

“మీటర్ మంచిగనే ఉన్నది. సీటేంది గింత ముందుకున్నది? నా మోకాళ్ళు స్టీరింగుకు తగుల్తున్నయ్.”

“నేనైతె జరపలే.”

“ఆగు, వదిన ఫోన్. హలో వదినా... ఆ, గంటల అయితది... ఆ... ఆఁ? ...సరె, చెప్త.”

“ఏమన్నది?”

“సీటు వెనక్కి జరపొద్దన్నదన్నా. రేపు నువ్వు వెనుక కూసోని పాపను పట్టుకోవాల్నట.”