ఇడుసుడు రానోళ్లు

ఎన్నిసార్లు చెప్పిన్నో నీ పెనిమిటి మల్లన్ననే అడుగు, పుష్పా. తాడు చేతికి చుట్టొద్దని పొద్దుగాల చెప్పిన, బువ్వ తిన్నంక చెప్పిన. నా మాట ఇంటే గదా?

పనొచ్చినోళ్లంత మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీకి పోయిరి. నాకు మిగిలిందెవరు? వేములపల్లి దిక్కు గొర్లు, ఎడ్లు కాసినోళ్లు. మల్లన్నకు నలభై ఏండ్లు. గొర్లమ్ముకోని వచ్చిండు. అవతల కోదాడ రోడ్డు వెడల్పు చేస్తున్నరు, చెట్లు జల్ది కొట్టమంటున్నరు. పది దినాలల్ల ఏం నేర్పుత నేను?

కింద తాడు పట్టుడంటే ఏమనుకున్నవ్? పైన కోసిన కొమ్మ ఆ తాడుకే ఏలాడుతది. తాడును చెట్టు మొదలుకు రెండు చుట్లేసి, జరంత జరంత ఇడువాలె. బరువు ఆగకపోతే ఇడిసిపెట్టి ఉరకాలె. గంతే.

ఆ ఇడుసుడే రాదు ఈళ్లకు. ఎద్దు గుంజుతుంటే పలుపు చేతికి చుట్టుకోని, మడమలు తన్ని నిలబడుడే చిన్నప్పటి సంది ఎరుక.

"ఇడిస్తే పోతది గదా మేస్త్రీ" అన్నడొకసారి మల్లన్న.

"పోనీయ్ రా, అదేమన్న నీ ఎద్దా?" అన్న. అందరు నవ్విరి. మల్లన్న గూడ నవ్విండు.

నిన్నటిది చింతచెట్టు. పైన శ్రీను కోస్తుండు. నా మోకాళ్లు ఎప్పుడో ఖతమాయె, కింద నిలబడి అరుసుడే నా పని. కొమ్మ ఒక్కపారి జారింది. తాడు మల్లన్న చేతిని గుంజుకపోయి చెట్టుకేసి నలిపింది.

మణికట్టు కాడికి తీసేసినమని డాక్టరు చెప్పిండంట గదా. ఇగ ఆ చెయ్యి పలుపు పట్టేది లేదు, పాలు పిండేది లేదు.

గుత్తేదారు కాగితం రాయించిండు. చెప్పిన మాట ఇనక తనే చుట్టుకున్నడు, మాకు సంబంధం లేదు అని. కింద నేనే సంతకం పెట్టిన.

అట్ల సూడకు బిడ్డా. అసలైంది చెప్త, ఇను.

మల్లన్న ముందుగాల చేతికి తాడు చుట్టుకోలే. నేర్పినట్టే పట్టిండు. బరువు ఆగకపోయేసరికి ఇడువబోయిండు గూడ. కొమ్మ కింద చాయ్ హోటలు రేకులున్నయ్. లోపల మనుషులు గూడ లేరు, ఉత్త రేకులే. అవి పలిగితే గుత్తేదారు నన్ను ఎల్లగొడతడని భయపడ్డ.

"ఇడువకు మల్లన్నా" అని అరిసిన.

గప్పుడు చుట్టుకున్నడు. పది దినాలల్ల నా మాటకు ఎదురు అడగంది గదొక్కసారే.

బయట ఎవరన్న అడిగితే మాత్రం కాగితంల ఉన్నదే చెప్త, పుష్పా. ఈ వయసుల నాకింకెవడు పనిస్తడు?