దుంగ పక్కన రాణెమ్మ

ఇల్లినాయ్‌లో అరోరా ఊరి అవతల ఒక చెరువు మూలన, ఆదివారం పొద్దున, ఒక్కో మనిషే పట్టే సన్నటి పడవలు, రెండు కయాక్‌లు పక్కపక్కనే ఆగి ఉన్నాయి. పసుపుపచ్చ దాంట్లో కరీంనగర్ రవికాంత్, ఆకుపచ్చ దాంట్లో భీమవరం కృష్ణమోహన్. ఇద్దరికీ యాభై దాటాయి. రవికాంత్ లైఫ్ జాకెట్ జేబులో మడతపెట్టిన టిష్యూ ఒకటి ఉంది. ఒడ్డు వదిలినప్పటినుంచీ దాన్ని అతను పైనుంచే తడిమి చూసుకుంటున్నాడు.

"...ఆ దుంగ పక్కకి వెయ్యరా రవీ. నీడ ఉన్నవైపు. అక్కడే ఉంటుంది."

"ఎవరు?"

"ఎవరేంటి. మన రాణెమ్మ."

"ఉంటదంటవా అన్నా?"

"ఉండక ఎక్కడికి పోతుంది. బాస్ చేప ఒకసారి దుంగ పట్టుకుందంటే అది అద్దె ఇల్లు కాదు బాబూ, సొంతిల్లే."

"అయితే నువ్వెయ్యి."

"నాకెందుకు, అది నీ చోటు. నువ్వు కనిపెట్టిన చోటు."

"నాదే. నీకు తప్ప ఇంకెవరికి చూపియ్యలె."

"అదే కదా నేనూ అంటున్నా."

"వెయ్యి అన్నా ఒక్కసారి. ఇయ్యాల నీ చెయ్యి మంచిగుంటదేమో."

"సరే, వేస్తాలే. ఇదిగో."

"అటెందుకేసినవ్? దుంగ ఇటు కదా."

"జారింది. భుజం పట్టేసింది నాకు, వారం నుంచి. టీ తాగుతావా? మీ వదిన శశికళ అల్లం దంచి వేసింది."

"వద్దు. గొంతు మంచిగ లేదు."

"ఇంకానా? మా ఇంట్లో భోజనం రోజు ముల్లు గుచ్చుకుందన్నావు. అదేనా?"

"గదే."

"డాక్టర్‌కి చూపించుకోవాలిరా. ముల్లుతో ఆటలొద్దు. మా వియ్యపురాలు కూడా ఫోన్‌లో అడిగింది, ఆ అన్నయ్యగారికి గొంతు ఎలా ఉందీ అని."

"మంచిగ చేరిన్రా వాళ్ళు ఇండియాకి?"

"చేరారు. మా వియ్యంకుడైతే ఎయిర్‌పోర్ట్‌లో కూడా పులుసు గురించే. మామిడికాయ వేసి శశికళ ఇరగదీసిందన్నాడు. మా అమ్మాయి మైత్రికి కూడా నేర్పించమన్నాడు."

"ఫాక్స్ రివర్ చేప అంటివి గదా అది?"

"ఏది?"

"పులుసుల చేప."

"ఆ... ఫాక్స్ రివరే. బ్రిడ్జి కింద."

"ఏ బ్రిడ్జి?"

"ఏదో బ్రిడ్జి. ఇప్పుడు బ్రిడ్జి సంగతెందుకు నీకు? నువ్వు గాలం వెయ్యి. ఎండెక్కితే అది లోతుకి పోతుంది."

"వేస్తనే ఉన్న. మొన్నటి ఆదివారం ఏసిన. దానికి ముందు ఏసిన. దుంగ కాడ వెయ్యి, దుంగ కాడ వెయ్యి అని నువ్వు చెప్పుడే, నేను వేసుడే. ఒక్క కాటు లేదు."

"వేసవి కదా."

"పోయిన వేసవిల పడలేదా? ఇంతకన్న ఎండల పడ్డది. బోర్డు మీద పెట్టి కొలుస్తుంటే ఫోటో నువ్వే తీసినవ్."

"తీశాను. ఎడం పెదవి చిరిగి ఉంటుంది, తోక మీద ఏదో కొరికిన గంటు. నేనెందుకు మర్చిపోతాను."

"వదిలేటప్పుడు ఏమన్నవ్?"

"ఏమన్నాను?"

"నీళ్ళల్ల రెండు చేతుల పట్టుకుని మెల్లగ ఊపుతున్న, దానికి ఊపిరి అందేదాంక. నువ్వు పక్కన ఉండి అన్నవ్, రవీ, ఇది మన ఇంటి ఆడపిల్లరా, ఎవరికి పడ్డా మళ్ళీ నీళ్ళలోకే అని."

"అన్నానేమో. తెల్లారగట్ల నీళ్ళ మీద కూర్చుంటే ఏదో ఒకటి అంటాం."

"నేను నిజమే అనుకున్న. ఉద్యోగం పోయినప్పుడు ఇంట్ల కూసుంటే స్రవంతి మొఖం చూడబుద్ధి కాకపోయేది. పిల్లలు డోర్ పెట్టుకుని మెల్లగ మాట్లాడుకునేటోళ్ళు, నాన్నకు ఇనబడొద్దని. ఈ చెరువుల ఇది ఉన్నదనే పొద్దుగాల లేస్తుంటి అన్నా. పడకున్నా మంచిదే. ఉన్నదంటే చాలు."

"నాకు తెలీదా ఆ సంగతి? నీతో ఈ కయాక్ కొనిపించి, బలవంతంగా నీళ్ళలోకి తోసిందెవరు?"

"నువ్వే. గందుకే నిన్నే అడుగుతున్న. ఏమైంది రాణెమ్మ?"

"నన్నడిగితే? ఎవరో పట్టుకుపోయి ఉంటారు. ఒడ్డు మీద కుర్చీ వేసుకుంటాడు చూడు, ఎర్రటోపీ ముసలాయన. బకెట్ తెచ్చుకుంటాడు. పట్టింది వదలడు. ఆయనే అయ్యుంటాడు."

"ఆ ముసలాయన?"

"ఆయనే అనట్లేదు. అయ్యుండొచ్చు అంటున్నా."

"అగో, ఆడనే ఉన్నడు. పోయి అడుగుదాం పా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇద్దరం పోదాం. పెద్దమనిషీ, మా ఇంటి పిల్లను తిన్నవా అని అడుగుదాం."

"పెద్దవాడితో గొడవెందుకురా. అయినా ఆయన ఒడ్డు మీదనుంచి వేస్తే గాలం ఇక్కడిదాకా రాదు."

"రాదు గదా."

"రాదు."

"అయితే కయాక్ ఉన్నోడే అయితడు."

"నీకేదో అయిందిరా ఇవాళ. పద, వెళ్దాం. శశికళ పెసరట్లు వేస్తానంది, నిన్నూ రమ్మంది. ఇదేంటి, నా కయాక్ తాడు పట్టుకున్నావ్?"

"గాలి కొడుతున్నది. కొట్టుకపోతవని."

"గాలెక్కడుంది? ఆకు కదలట్లేదు. వదులు."

"ఇది చూసి పో అన్నా."

"ఏంటది, టిష్యూలో?"

"విప్పి చూడు. ఎవరిది?"

"గాలం. నీదే. ఎర్రదారం చుట్టి ఉంటే నీది కాక ఎవరిది? గుళ్ళో చేతికి కట్టిన దారం విప్పి గాలానికి చుట్టే పిచ్చివాడు ఇల్లినాయ్ మొత్తానికి నువ్వొక్కడివే."

"తుప్పు చూడు. పోయినేడు చలికాలం ముంగట లైన్ తెంపుకుని పోయింది గదా రాణెమ్మ, నోట్ల గాలంతోనే. నాకు అన్నం సయించలె, నోరు పుండై అది తింటున్నదో లేదో అని."

"గుర్తుంది. నీ బాధ చూసి స్రవంతి నాకు ఫోన్ చేసింది కూడా. మరి ఎక్కడ దొరికింది ఇది? దుంగకి తగులుకుని ఉందా?"

"నువ్వు చెప్పు."

"నాకేం తెలుసు. కొమ్మకా?"

"మీ డైనింగ్ టేబుల్ మీద. నీళ్ళల్లకు చూడకు, నా దిక్కు చూడు. మీ ఇంట్ల నా ప్లేట్ల తలకాయ వేసిన్రు. దవడ లోపల, కండ పట్టి ఉన్నది ఇది. కడిగేటప్పుడు నీకు కనబడలె."

"తల నీకు వెయ్యమని నేననలేదురా. శశికళ మొదట మా వియ్యంకుడికే వేసింది. వచ్చిన పెద్దాయన కదా, తల ఆయనకే వెయ్యాలి. ఆయనది పళ్ళ సెట్టు, వద్దన్నాడు. అప్పుడు నీ వైపు తిరిగింది."

"నేను అడిగింది గది కాదు."

"ఫాక్స్ రివర్ అని ఎందుకన్నానంటే..."

"గది కూడ కాదు."

"మింగేసిందిరా. కడుపులోకి మింగేసింది నా గాలాన్ని. రక్తం కారుతోంది. వదిలినా బతికేది కాదు. ఎలాగూ చచ్చేదాన్ని నీళ్ళలో పారేసి..."

"ఫోటో ఉన్నదా?"

"ఏ ఫోటో?"

"చిటికెన వేలంత చేప పడ్డా బోర్డు మీద పెట్టి ఫోటో తీసి నాకు పంపుతవ్. ఇది పడితే ఎందుకు పంపలె? రక్తం కారిందా అన్నా?"

"లేదు."

"బతికేదా?"

"బతికేది."

"మరి?"

"నవ్వార్రా. అల్లుడి ముందు. మా వియ్యంకుడు అన్నాడూ, ఇంత పెట్టి పడవ కొని, చీకట్లో లేచి వెళ్ళి, పట్టినవాటిని ముద్దు పెట్టుకుని వదిలేస్తారా బావగారూ, అసలు పడతాయా అన్నాడు. అందరూ నవ్వారు. మైత్రి కూడా నవ్వింది. భీమవరం వాణ్ణి, నాకు చేప పట్టడం రాదని నా ఇంట్లోనే నవ్వుతుంటే... రేపు పులుసు తిందురుగాని అనేశాను."

"అని, ఈడికే వచ్చినవ్."

"చిన్నవి నాలుగు పడితే చాలని వచ్చా. ఒట్టు. వెయ్యగానే అదే పట్టింది. పైకి తీశాక పెదవి చూశా. తెలిసింది."

"తెలిసినాక?"

"చేతిలో పట్టుకుని కూర్చున్నా కాసేపు."

"నీళ్ళల్లనా, పైననా?"

"పైనే. కాదనను, పైనే."

"నాకు ఒక్క ఫోన్ కొడితే నేను పట్టి తెచ్చిస్తుంటి గదనే. పడకుంటే స్టోర్ల కొనుక్కొచ్చి, మా అన్నే పట్టిండు, నా కండ్లముందు పట్టిండు అని మీ వియ్యంకునికి నేనే చెప్తుంటి."

"తెలుసు. నువ్వు చెప్తావు."

"మీదికెల్లి నన్ను భోజనానికి పిలిచినవ్."

"పిలవకపోతే నీకు అనుమానం వస్తుందని."

"మంచిగ ఆలోచించినవ్."

"అలా అనకు."

"ఆ తర్వాత ఇన్ని ఆదివారాలు, దుంగ పక్కకి వెయ్యి, నీడ ఉన్నవైపు వెయ్యి..."

"ఏం చెయ్యమంటావ్ మరి? ఈ మలుపు తిరగ్గానే నీ మొహం వెలిగిపోతుంది. అది లేదురా అని ఏ నోటితో చెప్పను? ప్రతిసారీ చెప్దామనే బయల్దేరతా. ఇక్కడికొచ్చేసరికి, వెయ్యరా రవీ అనే వస్తుంది. ఈలోపు ఇంకోటి ఏదైనా పెద్దది పడితే నువ్వు దీన్ని..."

"మర్చిపోతననా? నువ్వు చెప్తవేమో అనే వస్తున్న నేను. లేని చేప కోసం పొద్దుగాల లేచి, కయాక్ కారు మీదికి ఎక్కించుకుంట, ఇయ్యాల చెప్తడు అన్న, ఇయ్యాల చెప్తడు అనుకుంట వచ్చిన. చెప్తే అయిపోతుండె. ఈడనే నాలుగు తిట్టి, మీ ఇంటికొచ్చి పెసరట్లు తింటుంటి. నువ్వేమో ఆ ముసలాయన మీదికి తోసినవ్. ఆయనకు మన పేర్లు కూడ తెల్వదు."

"తప్పైపోయిందిరా."

"పో. ఇగ పోదువుగాని."

"తాడు వదలకు. రవీ, ఒక్క మాట విను, తాడు వదలకు."

"చెప్పు."

"ఆ రోజు తల నీ ప్లేట్‌లో పడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ పెదవి నువ్వు గుర్తుపడతావని. కూర్చోగానే దగ్గావు. ముల్లు అన్నావు, నీళ్ళు తాగావు. అయిపోయింది, లేచి నిలబడి అందరిముందు అడిగేస్తాడు అనుకున్నా. నువ్వేమో మా వియ్యంకుడి వైపు తిరిగి, మా అన్న పట్టిన చేప రుచే వేరండీ అన్నావు. శశికళని పిలిచి మళ్ళీ వేయించుకున్నావు. హమ్మయ్య, పెదవి ఉడికిపోయింది, వీడికి తెలియలేదు అనుకున్నా. అందుకే నాకు చెప్పక్కర్లేదనిపించింది. ఈ గాలం అంతా తిన్నాక ఎప్పుడో చివర్లో కనిపించి ఉంటుంది నీకు. అంతే కదా? తెలిస్తే తినేవాడివి కాదు కదా?"

"అది ముల్లు కాదన్నా. మొదటి ముద్దలనే నా గాలం నా నాలుకకు తగిలింది. మీ వియ్యంకుడు నీ మొఖమే చూస్తుండె, గందుకే మళ్ళ వెయ్యమన్న."