పొయ్యి తడారలేదు

సంతబొమ్మాళి దాటాక సముద్రపు ఒడ్డున ఒక పల్లె. మొన్నటి తుపానుకి కెరటాలు వాకిట్లోకి వచ్చాయని ఒక జాలరి జంటకి మెరకన కాలనీలో పక్కా ఇల్లు ఇచ్చారు. దానికి తలుపు లేదు కాబట్టి పాతింటికున్న తాతలనాటి తలుపు గునపంతో ఊడదీసి పట్టుకెళ్లాలి. బండి వచ్చి ఆగింది. మొగుడు గునపం కోసం వెతికిన చోటే మళ్లీ వెతుకుతుంటే, పెళ్లాం అనుమానంగా చూస్తోంది.

"గునపం నువ్వే దాసినావే."

"నానెందుకు దాత్తాను మావా? పక్కా ఇల్లు నాకు సేదా?"

"ఒగ్గీసి ఎల్లే ఇంట్లో పొయ్యి అలికినావేటి మరి? తడింకా ఆరలేదు."

"సెయ్యి ఊరుకోక అలికినాను."

"సేపలకి ఉప్పెట్టి ఎండేసినావు. ఆరడానికి మూడ్రోజులు."

"కాలనీలో ఎండుండదా?"

"ఎండుంటాది. పక్కన సంద్రం లేందే అది పక్కా ఇల్లేటి?"

"ఆ మాట నీ నోటెంటే వచ్చింది, నాను అన్లేదు. నీ వల బండెక్కలేదేటి?"

"సేపల ఏటకి దగ్గరని ఉంచినాను."

"తలుపు తీసేసిన ఇంట్లో వలుంచుతావా?"

అతను మళ్లీ గునపం వెతకడం మొదలెట్టాడు.

"సూరులో సూసినావా మావా?"

"సూసినాను. అక్కడ లేదు."

అడిగీ అడగకముందే వచ్చిన జవాబు. ఆమె చూరులో చెయ్యి పెట్టి గునపం లాగింది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"బండోడికి ఏటి సెప్పాల?"

"పొయ్యి తడారలేదని సెప్పు," అన్నాడతను.

ఆమె గునపాన్ని మళ్లీ చూరులోకి తోసింది, ఈసారి ఇంకాస్త లోపలికి.