విల్ఫ్ గుమ్మం వదలని పొట్టేలు

"కాస్త జరగండయ్యా, ఆ మంట మీ ఒక్కళ్లదేనా? రేపు సంతలో నా పొట్టేల్ని చూసి మీరంతా టోపీలు తీస్తారు. మొన్న అక్టోబరులో ఊరికే నడుద్దామని నేషనల్ పార్కులోకి వెళ్లానా, పొగమంచులో నా చెయ్యి నాకే కనబడ్డంలేదు, ఎదురుగా ఇది నిలబడుంది. ఒంటిమీద రంగు గుర్తు లేదు, ఎవరిదీ కాదు. డోరా, అలా చూడకు."

విల్ఫ్ పీకాక్ మా పబ్బులో మొదలుపెట్టాడంటే ఆపేవాడు లేడు. డోరా మెట్కాఫ్ మాత్రం గ్లాసు ముట్టలేదు. అక్టోబరులోనే ఆమె పొట్టేలు మాయమైంది. అది దొరక్కపోతే వచ్చే వసంతంలో ఆమె దొడ్లో ఒక్క గొర్రెపిల్లా పుట్టదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా జీపు బురదలో దిగబడితే కొమ్ములు పెట్టి ఒక్క నెట్టు నెట్టింది. జీపేమిటి, మర్నాడు నలభైమంది టూరిస్టులున్న బస్సుని కొండెక్కించింది, డ్రైవరు దిగి దండం పెట్టాడు. అక్కడితో అయిందా? ఏరు పొంగి వంతెన కొట్టుకుపోతే అడ్డంగా పడుకుంది, దాని వీపుమీంచే పాలబండి దాటింది."

"సరే గానీ, ఎడం తుంటి మీద ఉన్ని ఎందుకు కత్తిరించావు?" అన్నాడు పబ్బు నడిపే సెథ్. ఏది ఎవరిదో తెలియడానికి అందరి గొర్రెలకీ రంగు వేసేది అక్కడే.

"అదా? పెళ్లికొడుకు కదయ్యా, క్షవరం కావాలని అదే పేచీ పెట్టింది. నేనంటే దానికి ప్రాణం. తాడు లేదు, తలుపు లేదు, నా గుమ్మం వదిలి అడుగు కదలదు."

డోరా లేచింది.

"అయితే ఇప్పుడే పోయి నీ దొడ్డి గేటు తీద్దాం పద. మన గొర్రె ఏదైనా వదిలేస్తే తల్లి వెంట మేసిన గుట్టకే పోతుంది, అది నీకూ తెలుసు. నీ గుమ్మం ముందే ఉందా, నీదే, నేను మళ్లీ నోరెత్తను. నా గుట్ట ఎక్కిందా, నాది."

విల్ఫ్ కిటికీలోంచి బయటకి చూశాడు.

"ఈ మంచులోనా? పాపం, దారి తప్పిపోతుంది తల్లీ."

"గుమ్మం వదలనిదానికి దారితో పనేముంది విల్ఫ్?"

సెథ్ అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు.