ఉడుపు పాట కింద రాసిన పేరు

“పాడినవాళ్ల పేర్లు ఈ గది గుమ్మం దాటవు. నా మాట నమ్మండి.” జులైలో, ఎమ్మే తెలుగు మొదటి క్లాసులో మీరన్న మాటే ఇది మాస్టారూ. బీరువాలో పల్లె పాటల కార్డుల పెట్టె చూపించి మరీ అన్నారు.

ఆ బీరువా అద్దమే ఇప్పుడు నేను పగలగొట్టింది. నా చేతికి నెత్తురు కారుతోందా? కారనివ్వండి. కూర్చోండి. తలుపు గడియ వేశాను. గుమాస్తాని కేకేస్తే, ఇంకో అద్దం మిగిలుంది.

పాట గుర్తుందా? నడక బాగుందని క్లాసులో రెండుసార్లు చదివించారు.

పాము కరిసిందంట ఓలమ్మీ
పాము సేతిలో కర్రెందుకే ఓలమ్మీ

కట్టింది మా పిన్ని గున్నమ్మ. పాము కరిచి పోయాడని వాళ్లు చెప్పింది ఆవిడ మొగుడు లక్ష్ముడి గురించి. నిజానికి కళ్లంలో కామందు గణపతిరావు మనుషులు కర్రలతో కొట్టి చంపి, తెల్లారేలోగా కాల్చేశారు.

మా నెల్లిమర్ల వైపు ఉడుపు చేలో నాట్లు వేస్తూ ఆడవాళ్లు కామందుని ఎంత మాటైనా పాటలో అంటారు. వాడు గట్టుమీద నిలబడి వినాల్సిందే, నవ్వాల్సిందే. నలభై గొంతులు కలిసి అందుకుంటాయి. ఎవరు కట్టారని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

మన కార్డు చెప్పింది. పేరు, వయసు, రామకోవెల వెనక రెండో పాక.

మొన్న మన శాఖ మా ఊళ్లో పెట్టిన పల్లె పాటల సదస్సుకి భోజనాలు పెట్టింది గణపతిరావు. విస్తళ్లు తీశాక ఆయన అరుగుమీద మీరు పెట్టె తెరిచారు. ‘మీ పొలంలో దొరికిన రత్నమండీ’ అని ఆ కార్డు ఆయన చేతిలో పెట్టారు. వడ్డించిన జగ్గమ్మ విని నాకు చెప్పింది. ఠాణాకొచ్చి ఆ మాట చెప్పమంటే, తన వల్ల కాదని నా కాళ్లు పట్టుకుంది.

నాలుగోనాడు కోతల్లోంచి మా పిన్నిని జుట్టు పట్టి అదే కళ్లంలోకి ఈడ్చారు. ‘ఏదే, ఇప్పుడు పాడు’ అన్నారు. పాడింది మాస్టారూ. పాడుతున్న నోటిమీదే కావిడిబద్దతో కొట్టారు.

ఈ పొట్లం విప్పండి. విప్పరా? నేనే విప్పుతాను. మూడు పళ్లు. నాలుగోది దొరకలేదు. దవడ తీగలతో కట్టేశారు, మాట లేదు.

ఎస్సై ఏమన్నాడో తెలుసా? ‘కూలిదాని మీద ఆయనకి కోపమెందుకుంటుందయ్యా, కారణం చూపించు’ అన్నాడు. కారణం మీ దగ్గరుంది. కార్డు ఆయనకి చూపించానని మీరు రాసివ్వాలి. అంతే.

తల అలా అడ్డంగా ఊపకండి. శాఖ పరువా? ప్రజల భాష ప్రజల సొత్తని ఈ గోడమీద రాయించింది ఎవరు?

ఏమిటీ, కార్డు రాసిందెవరనా? అడుగుతారని తెలుసు. నేనే.

ఆవిడ వద్దంది. “ఒరే సూరీ, అందరం పాడినాం గదరా, నా పేరు నీకేటి పని” అంది. నేను ఉపన్యాసం దంచాను. శ్రమజీవికి చరిత్రలో పేరుండాలి పిన్నీ, పేరు దాచుకోవడం బానిసల అలవాటు అన్నాను. ఎక్కడో చదివిన ముక్కలు. ఆవిడకి ఒక్కటీ అర్థం కాలేదు. పిల్లాడు బాగా చదువుతున్నాడని మురిసిపోయి పేరు చెప్పేసింది. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పక్కన మీరు ‘ఉత్తమం’ అని రాశారు.

ఇదిగో, ఇదంతా కాగితం మీద పెట్టి సంతకం చేశాను. కింద మీ సంతకానికి చోటు వదిలాను. నెత్తురు మరకైంది, ఆరిపోతుంది. పళ్లు ఇక్కడే ఉంటాయి, మీ బల్లమీద. కదపకండి. వాటిని చూస్తూ ఆలోచించుకోండి. గడువు గురువారం సాయంత్రం ఐదు గంటలు. డిసెంబరు పన్నెండు, 1968.