గడియ డాక్టరమ్మ

ఎవరూ, గడియ డాక్టరమ్మా? మీ కాలేజీలో ఆవిడ ఫోటో పెట్టారా? బాగుంది. బతికున్నన్నాళ్ళూ తిట్టిపోసి, ఇప్పుడు దండ వేశారన్నమాట. కూర్చో, చెప్తాను. రేపు నువ్వూ ఆడవాళ్ళ డాక్టరువేగా.

ఆ పేరెందుకంటే, ఆడమనిషి గదిలోకి రాగానే వెంట వచ్చినవాళ్ళందర్నీ బయటికి తోలి గడియ పెట్టేసేది. మొగుడైనా అంతే, అత్తైనా అంతే, కన్నతల్లైనా అంతే. అప్పట్లో జబ్బు పెళ్ళానిది, చెప్పుకునేది మొగుడు. దీనికి నడుం నొప్పండీ, దీనికి నెల తప్పిందండీ అని వాళ్ళే ఏకరువు పెట్టేవారు. ఒకాయనైతే మీసం మెలేసి, నా పెళ్ళాం, నేనిక్కడే ఉంటానని భీష్మించుకున్నాడు. "ఉండు నాయనా, ముందు నిన్నే చూస్తాను, బట్టలు విప్పి బల్లెక్కు" అంది. మళ్ళీ ఆ మనిషి ఆసుపత్రి ఛాయలకొస్తే ఒట్టు.

ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరుకీ ఈవిడకీ క్షణం పడేది కాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యాలంటే మొగుడి సంతకం ఉండాల్సిందే అనేవాడాయన, లేకపోతే కాపురాలు కూలిపోతాయట. మగాడి పన్ను పీకడానికి పెళ్ళాం సంతకం అడుగుతున్నామా అనేది ఈవిడ. పన్నూ అదీ ఒకటేనా తల్లీ అని ఆయన తల పట్టుకునేవాడు. ఏమాటకామాటే, చెడ్డవాడు కాదు, పిరికివాడు, అంతే. పెళ్ళికాని పిల్ల నెల తప్పి వస్తే ఆయన నీతులు చెప్పేవాడు, ఈవిడ "నీకేం కావాలమ్మా" అనేది. అందర్నీ అదే అడిగేది. నేనైతే ఆవిడంటే పడిచచ్చేదాన్ని, మా అక్క సంగతి వచ్చేదాకా.

మా అక్కంటే మీ అమ్మమ్మేనే. ఒక కొడుకున్నాడు, రెండో బిడ్డ కడుపులో ఉండగా గుండె నీరసపడింది. ఇంకో కాన్పంటే మనిషి దక్కదని డాక్టరమ్మే చెప్పింది. ఈసారి ఎటూ పొట్ట కొయ్యాలి కదా, పనిలో పనిగా ఆ ఆపరేషన్ కూడా చేసెయ్యమన్నాం. మా బావ సంతకం పెడతానన్నాడు. వాళ్ళమ్మ కూడా సరేనంది, లోకంలో ఎక్కడా జరగని వింత. వద్దన్నది అక్క ఒక్కతే. దానికి కూతురు కావాలి. ఇదీ మగాడే అయితే ఇంకోటి కంటానంది. డాక్టరమ్మ గడియ పెట్టి నచ్చజెప్పింది, కేకలేసింది. ఆ కేకలు బయట మాకందరికీ వినపడ్డాయి. అక్క మొండిఘటం, వినలేదు.

ఆపరేషన్ గది ముందు నేను డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్నాను. అది మత్తులో ఉంటుందండీ, దానికేం తెలుస్తుంది, ఆ గొట్టాలు ముడేసెయ్యండి, తర్వాత తిట్లన్నీ నేను తింటాను అన్నాను. ఆవిడ చెయ్యి విడిపించుకుంది.

"వద్దన్న మొగుళ్ళ మాట నేనెప్పుడూ వినలేదు. చెయ్యమన్న చెల్లెలి మాట మాత్రం ఎందుకు వింటాను?" అని లోపలికెళ్ళిపోయింది.

మగపిల్లాడే పుట్టాడు. కొన్నేళ్ళకి అక్కకి మళ్ళీ నెల తప్పింది. ఉంచుకుంటావా తీయించుకుంటావా అని డాక్టరమ్మ మళ్ళీ అడిగింది, అక్క మళ్ళీ అదే మాట. ఇంటికొచ్చి గుండె చూసేది, నోటికొచ్చినట్టు తిట్టేది, మందులిచ్చి పోయేది. ఆఖరికి అక్క కోరుకున్న ఆడపిల్ల పుట్టింది. ఆ పూటే అక్క పోయింది. డాక్టరమ్మ వరండాలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. నేను ఎదురుగా నిలబడి, మా అక్కని మీరే చంపారన్నాను. ఆ తర్వాత ఆవిడ పోయేదాకా మళ్ళీ మొహం చూడలేదు నేను.

నువ్వేమంటావో నాకు తెలుసులే. ఆవిడే రైటని మీ పుస్తకాల్లో రాసుంటారు. రాసుకోనీ. మీకు అది పాఠం, నాకు అక్క. ఆ రోజు ముడేసి ఉంటే ఇంకొన్నేళ్ళు నాతో పోట్లాడుతూ బతికేది కదా అని రోజూ అనుకుంటాను. అనుకుంటుండగానే మీ అమ్మ వచ్చి, పిన్నీ మందేసుకున్నావా అంటుంది. నా చేతులతో పెంచిన పిల్లే అది. దాన్ని చూస్తూ ఆ మాట ఎట్లా అనుకోనే?

ష్, అదిగో వస్తోంది. ఆఁ, అయితే మీ హాస్టల్లో దోమలు బాగా ఉన్నాయంటావ్?