కాగితంలో లేని మెట్లు

ఏమన్నావూ? ఇల్లు అమ్మేవాళ్ళ వకీలే మన పని కూడా చూసిపెడతానన్నాడా? రేపు పొద్దున్నే సంతకాలా? ఆ ఫోను కాస్త పక్కన పెట్టు తల్లీ. కాదే, కోప్పడట్లేదు. కూర్చోబుద్ధి కావట్లేదంతే. ఆ కిటికీ వేసెయ్... వద్దులే, ఉండనీ. నీకు నత్త వకీలు సంగతి ఎప్పుడైనా చెప్పానా? చెప్పలేదూ? అదేమిటో, ఇన్నేళ్ళలో ఆయన పేరు ఎత్తనే లేదన్నమాట నేను.

సైకిళ్ళ కొట్టు మీద గదిలో ఉండేవాడాయన. సన్నగా, పొడుగ్గా, ఎండైనా వానైనా చంకలో గొడుగు. ఇళ్ళూ స్థలాల కాగితాలు తప్ప వేరే పని ముట్టుకునేవాడు కాదు. ఒక్క పేజీ చదవడానికి ఒక పూట తీసుకునేవాడు, అందుకే ఊరంతా నత్త అనేవాళ్ళు. ఆయనకీ తెలుసు ఆ సంగతి. నవ్వేవాడు. మేము మేడ కొనుక్కుందామనుకున్నప్పుడు మా అన్నయ్య చెబితే ఆయన దగ్గరికి వెళ్ళాం. మీ తాత కుర్చీలో కూర్చోకుండానే అడిగాడు, "ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని. ఆయన గొడుగు గోడకి ఆనించి, "ఇల్లు చూస్తేగానీ చెప్పలేనండీ" అన్నాడు. "కాగితం చూడాలిగానీ ఇల్లెందుకు?" అన్నాడు మీ తాత. "కాగితం ఎలాగూ చూస్తాను. అది చెప్పేది నిజమో కాదో ఇల్లు చెబుతుంది." మీ తాతకి ఒళ్ళు మండింది. తెలుసుగా, అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడాయన. అక్షరం తలకిందులుగా ఉన్నా, వెనక్కి తిరిగున్నా గడగడా చదివేసేవాడు. దారంతా ఒకటే గొణుగుడు, "వాడు నాకు చదివిపెట్టేదేమిటే?" అని. నాకప్పటికి ఒక్క అక్షరం రాదు.

నత్త వకీలు వచ్చాడు. అది అన్నదమ్ములు పంచుకున్న ఇల్లమ్మా. మేడ అన్నగారిది, ఆయనే అమ్మేది. కింది ఇల్లూ, పక్క పెరడూ తమ్ముడివి. ఆ తమ్ముడు గడియారాలు బాగుచేసేవాడు, బంగారంలాంటి మనిషి. సరే, వకీలు చిత్తు దస్తావేజు పట్టుకుని నా వైపు తిరిగాడు. మీ తాత వైపు కాదు, నా వైపు! "అమ్మా, నేను చదువుతుంటాను. నేను చెప్పిందాన్ని మీరు వెళ్ళి చేత్తో ముట్టుకుని రండి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆయన "తూర్పు గోడ" అంటే వెళ్ళి ముట్టుకున్నాను. "వంటగది, దానికి రెండు కిటికీలు." ముట్టుకున్నాను. చిన్నపిల్లల ఆటలా ఉంది. అమ్మేవాళ్ళ వకీలు కూడా అక్కడే ఉన్నాడు, తెల్లగా, నున్నగా దువ్వుకుని, గడియారం చూసుకుంటూ. చివరి పేజీ అయిపోయింది. అప్పుడు నత్త వకీలు కళ్ళజోడు తీసి, "ఇంకా మీరు ముట్టుకోనిదేమైనా ఉందా అమ్మా ఈ ఇంట్లో?" అన్నాడు.

ఉంది. నాకు వెంటనే తట్టింది. "మెట్లు బాబూ" అన్నాను.

మెట్లు తమ్ముడి పెరట్లో ఉన్నాయే! అన్నదమ్ములు కదా, ఒకే మెట్లు ఎక్కిదిగారు, ఎవరూ రాసుకోలేదు. నత్త వకీలు ముఖం వెలిగిపోయింది. "తమ్ముడుగారి చేత రాయించాలి, ఈ దారి ఎప్పటికీ మేడవాళ్ళు వాడుకోవచ్చని. నెల పడుతుంది" అన్నాడు. నెల అనగానే ఆ నున్నటాయన మీ తాతని పక్కకి తీసుకెళ్ళాడు. ఇంకెవరో కొనడానికి సిద్ధంగా ఉన్నారట. "ఆ గడియారాలాయన మిమ్మల్ని ఆపుతాడా అండీ? ఇద్దరి పనీ నేనే చూస్తాను, వారంలో తేల్చేస్తాను" అన్నాడు. రాత్రి అన్నం దగ్గర నెమ్మదిగా అన్నాను, "మెట్లో మరి?" అని. "నువ్వు చదివావా కాగితం?" అన్నాడు మీ తాత. అంతే. వారంలో వేలిముద్ర వేశాను.

తొమ్మిదేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. గడియారాలాయన పోయాడు. ఆయన పిల్లలు కింది ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు పెరటికి ఇనపగేటు పెట్టి తాళం వేశారు. వాళ్ళని అనడానికేముంది, వాళ్ళ కాగితంలో మెట్లు వాళ్ళవే. మళ్ళీ సైకిళ్ళ కొట్టు మీదికి వెళ్ళాం, తల దించుకుని. ఒక్క మాట అనలేదమ్మా ఆయన! "నేను చెప్పలేదూ" అనడానికి అంతకంటే మంచి సమయం దొరుకుతుందా ఎవరికైనా? దగ్గుతూనే గొడుగు తీసుకుని వచ్చి, మూడు నెలలు తాళం తీసి ఉంచేలా వాళ్ళని ఒప్పించాడు. ఆ మూడు నెలల్లో వీధివైపు కిటికీ పగలగొట్టి గుమ్మం చేశాం. ఆ మెలికల ఇనపమెట్లు అప్పుడు పెట్టినవే. నీ మోకాలి మీద మచ్చ ఎక్కడిదనుకున్నావు మరి?

మీ తాతకి పక్షవాతం వచ్చినప్పుడు ఆ మెలికల్లో మంచం తిరగలేదు. కుర్చీలో కట్టి నలుగురు దించారు. సగంలో ఇరుక్కుపోయారు. ఒకడు పైకి లాగుతాడు, ఒకడు కిందికి. కిందనుంచి చూస్తున్నాను నేను. మీ తాత వంకర నోటితోనే, "నత్తయినా ఈపాటికి దిగిపోయేవాడే" అన్నాడు. మోసేవాళ్ళకి అర్థం కాలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీ తాత పోయాక నీ తల్లి పలక కొనిచ్చింది నాకు. యాభై దాటాయి. చదవడం కుదురుకోగానే మొట్టమొదట బీరువాలోంచి ఆ దస్తావేజు తీశాను. వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, మూడు రోజులు చదివాను. గోడ ఉంది. వంటగది ఉంది. కిటికీలు రెండూ ఉన్నాయి. మెట్లు లేవు. ఎంత వెతికినా లేవు. నత్త వకీలుకి చెప్పాలనిపించింది, "బాబూ, నేనే చదివాను" అని. సైకిళ్ళ కొట్టు దాకా వెళ్ళాను కూడా. పై గదిలో ఎవరో దర్జీ ఉన్నాడు. వకీలుగారు పోయి అప్పటికి రెండేళ్ళట.

ఆ...

నీ కాగితం ఫోనులో ఉందా? చదవడం నువ్వు చదువు. ఇంకా వెలుతురుంది, ఆ ఇంటివాళ్ళకి వస్తున్నామని చెప్పు. ముట్టుకోవడానికి నేనున్నాను. నా చెప్పులు ఎక్కడ పెట్టారే?